జువెనైల్ బోర్డు: ఒడిశా సరిహద్దు తెలుగు కుటుంబానికి ఎంతవరకు పనికొస్తుంది?

పర్లాకిమిడిలోనో గుణుపురంలోనో రాయగడలోనో పదహారేళ్ల కుర్రాణ్ణి పోలీసులు తీసుకెళ్లారంటే ఇంట్లోవాళ్లు ముందు తెలిసిన లీడరు దగ్గరికి పరిగెడతారు. తర్వాత కచేరీ దగ్గర ఎవరో చెప్పిన ప్లీడరు గుమాస్తా దగ్గరికి వెళ్తారు. బాల న్యాయ మండలి (జువెనైల్ బోర్డు) అనే ప్రభుత్వ సేవ ఒకటి ఉందని, దానికి రోజుల లెక్కన గడువులున్నాయని, అందులో చాలా భాగానికి పైసా కట్టక్కర్లేదని తెలిసేసరికి రెండు రోజులు గడిచిపోతాయి. పిల్లవాడి కేసు ఏ దారిన పోతుందో తేలేది ఆ రెండు రోజుల్లోనే.

మా మార్కులు ముందే చెప్పేస్తాం. చట్టం కాగితం మీద ఉన్న తీరుకి ఐదుకి నాలుగున్నర. ఒడిశాలో ఉండే తెలుగు కుటుంబానికి అది అందే తీరుకి రెండు. ఈ తేడాలో సగానికి పైగా గట్టిగా అడిగితే వచ్చేదే. అందుకే ఏది బాగుంది, ఏది బాగోలేదు అన్నదాంతోపాటు ఏ రోజు ఏం అడగాలో కూడా రాస్తున్నాం.

ఇప్పుడు నడుస్తున్నది 2015 నాటి బాల న్యాయ చట్టం. 2016 జనవరి 15న అమల్లోకి వచ్చింది. 2021లో చేసిన సవరణలు 2022 సెప్టెంబరు 1 నుంచి అమలవుతున్నాయి. నేరం జరిగిన రోజుకి పద్దెనిమిదేళ్లు నిండని ప్రతి ఒక్కరికీ, మగపిల్లలకైనా ఆడపిల్లలకైనా, ఇదే వర్తిస్తుంది. ఏడేళ్ల లోపు పిల్లలు చేసిన పనిని నేరంగానే చూడరు. ఈ చట్టం ఉద్దేశం పగ తీర్చుకోవడం కాదు. కుర్రాడు మళ్లీ బడికో పనికో వెళ్లాలి, మళ్లీ బోర్డు ముందుకి రాకూడదు. అందుకే నిందితుడు, అరెస్టు, దోషి లాంటి మాటలు వాడకూడదని చట్టమే చెబుతుంది. బోర్డులో ఒక మెజిస్ట్రేటు, ఇద్దరు సామాజిక కార్యకర్తలు ఉంటారు, ఆ ఇద్దరిలో ఒకరైనా మహిళ కావాలి. వాళ్లు ఎత్తైన వేదిక మీద కూర్చోకూడదు, బోను ఉండకూడదు. పెద్దల కోర్టు చూసినవాళ్లకి ఈ తేడా గుమ్మంలోనే తెలుస్తుంది. మరణశిక్ష గానీ, విడుదలకి అవకాశం లేని యావజ్జీవం గానీ ఏ పిల్లవాడికీ వేయకూడదు.

ఇంత మంచి ఉద్దేశం స్టేషన్ గుమ్మం దగ్గరే చాలాసార్లు జారిపోతుంది.

మొదటి 24 గంటలు

ప్రతి స్టేషన్లోనూ ఏఎస్ఐకి తగ్గని ర్యాంకులో ఒక బాలల సంక్షేమ పోలీసు అధికారి ఉండాలి. ఐఐసీ (స్టేషన్ ఇన్‌ఛార్జ్ ఇన్‌స్పెక్టరు) గదికి వెళ్లగానే ఆ అధికారి ఎవరని పేరు పెట్టి అడగండి. పిల్లవాడు ఆయన చేతిలోనే ఉండాలి, అదీ మామూలు బట్టల్లో ఉన్న అధికారి చేతిలో. లాకప్‌లో గానీ జైల్లో గానీ ఒక్క గంటైనా పెట్టకూడదు. బేడీలు వేయకూడదు. ఏ వాంగ్మూలం మీదా సంతకం పెట్టించకూడదు. తిండి, మందు, కావాలంటే దుబాసీ, అన్నీ పోలీసులే చూడాలి. ప్రయాణానికి పట్టే సమయం కాకుండా 24 గంటల్లోపు బోర్డు ముందుకి తీసుకెళ్లాలి. ఆదివారమో పండగో అయి బోర్డు కూర్చోకపోతే సభ్యుల్లో ఒక్కరి ముందైనా హాజరు పరచవచ్చు. ‘సోమవారం వరకు ఆగండి’ అన్న మాటకి చట్టంలో చోటు లేదు.

చాలామందికి తెలియని సంగతి ఇంకొకటి ఉంది. చిన్న నేరాల్లోనూ, చట్టం ‘తీవ్ర’ అనే మధ్యరకం నేరాల్లోనూ (ఈ రకాల లెక్క కింద ఉంది) కుర్రాణ్ణి అసలు పట్టుకెళ్లనే అక్కర్లేదు. ఈ చట్టానికి కేంద్రం రాసిన 2016 నమూనా నియమాల ప్రకారం ఘోర నేరమైతేనో, పెద్దవాళ్లతో కలిసి చేశాడన్న ఆరోపణ ఉంటేనో తప్ప ఎఫ్ఐఆర్ కూడా రాయకూడదు. స్టేషన్ డైరీలో నమోదు చేసి, ఒకటో ఫారంలో కుటుంబ వివరాలు నింపి, బోర్డుకి పంపి, ఏ రోజు రావాలో తల్లిదండ్రులకి చెప్పాలి. ఆచరణలో ఏమవుతుందంటే, ముందు పట్టుకొస్తారు, వయసు పంతొమ్మిదని రాసేస్తారు, పెద్దల కోర్టుకి పంపేస్తారు. పంతొమ్మిదని ఎందుకు రాస్తారంటే ఆ క్షణంలో వయసుకి కాగితం చూపించేవాళ్లు ఎవరూ ఉండరు గనక. ఎదిగిన పిల్లవాడు, మీసం వచ్చింది, ఇటుకబట్టీలోనో పడవ మీదో కష్టపడిన ఒళ్లు. చూస్తే పెద్దవాడిలాగే ఉంటాడు.

కాబట్టి స్టేషన్‌కి వెళ్లేటప్పుడు డబ్బుల కంటే ముందు సర్దుకోవలసింది వయసు కాగితం. 94వ సెక్షన్ వరస స్పష్టంగా ఉంది. మొదట బడి ఇచ్చిన పుట్టినతేదీ సర్టిఫికెట్, లేదా పదో తరగతి సర్టిఫికెట్. అది లేకపోతే మునిసిపాలిటీ లేదా పంచాయతీ ఇచ్చిన జనన ధ్రువపత్రం. ఈ రెండూ లేనప్పుడే ఎముకల పరీక్ష. ఆ పరీక్ష ఆదేశించిన 15 రోజుల్లో పూర్తవ్వాలి. ఆధార్ కార్డు పుట్టినతేదీకి రుజువు కాదని 2024లో సుప్రీంకోర్టు ఒక కేసులో తేల్చింది. టీసీ ఒక్కటే సరిపోదని 2023లో మరో తీర్పు వచ్చింది. మనవాళ్లు పట్టుకెళ్లేది ఎక్కువగా ఈ రెండే. బడికి వెళ్లి పుట్టినతేదీ సర్టిఫికెట్ విడిగా రాయించుకోవాలి.

సరిహద్దులో ఇంకో చిక్కు ఉంది. కాన్పు పాతపట్నంలోనో శ్రీకాకుళంలోనో, బడి పర్లాకిమిడిలో. జనన పత్రం ఆంధ్రాది తెలుగులో, బడి సర్టిఫికెట్ ఒడియాలో. ఇంటిపేరు ఒకదాంట్లో ముందు, ఇంకోదాంట్లో వెనక. తేదీలు కలవకపోతే బడి కాగితానిదే పైచేయి, అది చట్టం పెట్టిన వరస. రెండు రాష్ట్రాలూ తమవంటున్న కొఠియా ఊళ్లలో రెండు రాష్ట్రాల కార్డులూ ఉన్న కుటుంబాలున్నాయి. అలాంటి ఇళ్లవాళ్లు రెండు తేదీలున్న కాగితాలన్నీ ఒకేసారి ముందు పెట్టకుండా, లాయరుకి చూపించి ఏది మొదటి వరసలోదో తేల్చుకోవాలి. పొరపాటున కేసు పెద్దల కోర్టుకి వెళ్లిపోయినా దారి మూసుకుపోలేదు. నేరం నాటికి మైనరునన్న మాట ఏ కోర్టులోనైనా, ఏ దశలోనైనా, తీర్పు వచ్చేసిన తర్వాత కూడా లేవనెత్తవచ్చు.

భాష: ఇక్కడే అన్నిటికంటే తక్కువ మార్కులు

గజపతి, గంజాం, రాయగడ, కోరాపుట్ జిల్లాల్లో తెలుగు ఇంటి భాషగా ఉన్న పిల్లలకి బజారు ఒడియా వస్తుంది. కూరగాయలు బేరం ఆడగలరు, బస్సులో మాట్లాడగలరు. కానీ ‘నువ్వు ఆ పని చేసే ముందు దాని పర్యవసానం ఆలోచించావా’ అని ఒడియాలో అడిగితే తలూపుతారు. ఆ తలూపుడు కాగితం మీద అవునని పడుతుంది. పిల్లవాడు అబద్ధం చెప్పలేదు, అధికారి అన్యాయంగా రాయలేదు, అయినా జరగరానిది జరిగిపోయింది.

దీనికి మందు చట్టంలోనే ఉంది. విచారణ జరిగే భాష పిల్లవాడికి అర్థం కాకపోతే అర్హత ఉన్న దుబాసీని బోర్డే ఏర్పాటు చేయాలని ఎనిమిదో సెక్షన్ అంటుంది. ఫీజు కుటుంబం ఇవ్వక్కర్లేదు. మొదటి వాయిదా రోజునే ఒక్క వాక్యం చాలు: ‘మా గుంటడికి ఒడియా పూర్తిగా రాదు సార్, తెలుగు దుబాసీ కావాలి.’ నోటితో చెప్పి ఊరుకోకండి. తెల్లకాగితం మీద రాసి ఇచ్చి, ఆ రోజు ఆర్డరు షీట్లో నమోదు చేయమని కోరండి. నమోదైన మాటకే తర్వాత అప్పీలులో విలువ. అక్కడే ఉన్న కానిస్టేబులో హోంగార్డో తెలుగువాడని అతనితో సరిపెట్టబోతే ఒప్పుకోవద్దు. కేసు కట్టినవైపు మనిషి పిల్లవాడి మాట మార్చకుండా చెప్పినా అది నిలబడదు. తండ్రినో మామనో దుబాసీగా నిలబెట్టడమూ అంతే చెడ్డది. పిల్లవాడు వాళ్ల ఎదుట అన్నీ చెప్పడు.

సవర, కుయి భాషలు మాట్లాడే గిరిజన పిల్లలకీ ఇదే కష్టం ఇంకా ఎక్కువ. వాళ్లకి తెలుగు దుబాసీ కూడా పనికిరాడు, వాళ్ల భాషవాడే కావాలి. ఆ కుటుంబాల తరఫున మాట్లాడే తెలుగువాళ్లు ఈ తేడా గుర్తుపెట్టుకోవాలి.

కేసు ఏ గంపలో పడుతుంది

చట్టం నేరాల్ని మూడు రకాలు చేసింది. గరిష్ఠ శిక్ష మూడేళ్లు మించకపోతే చిన్న నేరం. కనీస శిక్షే ఏడేళ్లు, ఆపైన ఉంటే ఘోర నేరం. మధ్యలోదంతా తీవ్ర నేరం. గరిష్ఠం ఏడేళ్లు దాటినా కనీస శిక్ష లేకపోతే అదీ తీవ్రమే. 2020లో సుప్రీంకోర్టు అలా చెప్పింది, తర్వాత సవరణలోనూ చేరింది. ఈ లెక్క ఎంత సూక్ష్మమో కొన్ని కేసులు చూస్తే తెలుస్తుంది. వీధిలో ఫోన్ దొంగిలిస్తే గరిష్ఠం మూడేళ్లు, చిన్న నేరం. అదే ఫోన్ ఇంట్లోంచో, గుణుపురం రైలు పెట్టెలోంచో తీస్తే గరిష్ఠం ఏడేళ్లు, తీవ్ర నేరం.

మన సరిహద్దులో ఎక్కువ బాధపెట్టేది గంజాయి. కోరాపుట్, మల్కన్‌గిరి కొండల నుంచి సరుకు దిగే దారుల్లో పెద్దవాళ్లు వెనక ఉండి పిల్లల చేత సంచులు మోయిస్తారు. కిలో లోపైతే గరిష్ఠం ఏడాది, చిన్న నేరం. కిలో దాటి ఇరవై కిలోల వరకు గరిష్ఠం పదేళ్లు, కనీసం లేదు, కాబట్టి తీవ్రమే. ఇరవై కిలోలు దాటితే కనీసం పదేళ్లు, ఘోర నేరం. పదహారు నిండిన కుర్రాడైతే అప్పుడు అతన్ని పెద్దవాడిలా విచారించాలా వద్దా అన్న ప్రాథమిక మదింపు మొదలవుతుంది. సంచి బరువులో అరకిలో తేడా ఆ కుర్రాడి బతుకుదారి మార్చేస్తుంది. అందుకే తూకం ఎలా వేశారు, గోనెసంచి బరువు కలిపారా, గింజ, కాడ, ఆకు వేరు చేశారా అన్నది లాయరు మొదటి రోజునుంచే పట్టుకోవాలి. పూతకాయ భాగమే గంజాయి అని, వాటితో కలవని గింజా ఆకూ దాంట్లోకి రావని మత్తుమందుల చట్టం నిర్వచనంలోనే ఉంది.

రెండోది ప్రేమ వ్యవహారాలు. పదిహేడేళ్ల కుర్రాడు, పదహారేళ్ల పిల్ల కలిసి సరిహద్దు దాటి విశాఖ వెళ్లిపోతారు. పిల్ల ఇష్టపడే వెళ్లానన్నా పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల చట్టం) దృష్టిలో పద్దెనిమిదికి ముందు ఇష్టానికి విలువ లేదు. 2019 సవరణ తర్వాత అందులో అత్యాచారానికి కనీస శిక్ష పదేళ్లు, పిల్లకి పదహారు నిండకపోతే ఇరవై. అంటే నేరుగా ఘోర నేరం గంపలోకి. పిల్లలిద్దరినీ కాపాడాలని రాసిన రెండు చట్టాలు ఒకదానికొకటి ఎదురుపడి, ఒక పిల్లవాణ్ణి పెద్దవాడిలా నిలబెట్టే చోటు ఇది. ఈ వ్యవస్థలో ఇంతకంటే పెద్ద లోపం మాకు కనబడలేదు. బోర్డు మంచిదైనా దీన్ని అది సరిదిద్దలేదు, చట్టమే మారాలి.

ప్రాథమిక మదింపు మొదటి హాజరు నుంచి మూడు నెలల్లో అయిపోవాలి. పిల్లవాడికి ఆ పని చేసే మానసిక, శారీరక శక్తి ఉందా, పర్యవసానం అర్థమయ్యే స్థితి ఉందా, ఎలాంటి పరిస్థితుల్లో చేశాడు అన్నవి చూస్తారు. నేరం చేశాడా లేదా అన్నది ఇక్కడ తేల్చరు. బోర్డు సభ్యుల్లో మనస్తత్వ నిపుణులు ఎవరూ లేకపోతే బయటి నిపుణుల సాయం తప్పనిసరిగా తీసుకోవాలని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ నిపుణుడి ఎదుట కూడా దుబాసీ ఉండాలి. ఆదేశం నచ్చకపోతే 30 రోజుల్లో సెషన్స్ కోర్టుకి అప్పీలు. పెద్దల పద్ధతిలో విచారణ జరిగి శిక్ష పడినా ఇరవై ఒకటి నిండేదాకా జైలుకి కాదు, భద్రతా స్థలానికి పంపుతారు. ఆ తర్వాత మారాడా లేదా అని మళ్లీ చూస్తారు.

బెయిలు, హోమ్

ఈ సేవలో మాకు బాగా నచ్చినది బెయిలు. పెద్దలకి బెయిలు రాని నేరమైనా పిల్లలకి బెయిలే రివాజు. మూడు కారణాలకే నిరాకరించవచ్చు: విడిచిపెడితే తెలిసిన నేరస్థులతో కలుస్తాడని, లేదా అతనికే శారీరకంగా, మానసికంగా, నైతికంగా ప్రమాదమని, లేదా న్యాయం దెబ్బతింటుందని. కారణం రాతలో ఉండాలి. నేరం ఘోరమైనదన్నది ఈ మూడింట్లోనూ లేదు. జామీను లేకుండా కూడా ఇవ్వవచ్చు.

తేడా వచ్చేది ఇలా. బోర్డు స్థానిక జామీనుదారుణ్ణి అడుగుతుంది, తండ్రి పనికి ఆంధ్రాలో ఉంటాడు, ఒడిశాలో భూమి పట్టా ఉన్న చుట్టం దొరకడు. ఆర్డరు చేతిలో ఉంటుంది, పిల్లవాడు హోమ్‌లోనే, అంటే పరిశీలన గృహంలోనే ఉంటాడు. దీనికీ చట్టంలో తలుపుంది. షరతులు ఏడు రోజుల్లో తీర్చలేకపోతే వాటిని మార్చడానికి పిల్లవాణ్ణి మళ్లీ బోర్డు ముందుకి తేవాలి. ఎనిమిదో రోజు పొద్దున్నే లాయరుకి గుర్తుచేయండి. లాయరు లేకపోతే జిల్లా న్యాయసేవల సంస్థ ఉచితంగా ఇస్తుంది, పిల్లలకి ఆదాయ పరిమితి లేదు. నంబరు 15100. పిల్లల ఆపదకి 1098.

పరిశీలన గృహాల సంగతి. ప్రతి జిల్లాకీ, లేదా కొన్ని జిల్లాలకి కలిపి ఒకటి ఉండాలని చట్టం. ‘కలిపి’ అన్న మాట వల్లే దూరం. ఇల్లు ఒక జిల్లాలో, హోమ్ ఇంకో జిల్లాలో ఉంటే తల్లి ఒకసారి చూసి రావడానికి ఒక రోజు కూలీ, రెండువైపులా బస్సు ఛార్జీ పోతాయి. నెలకి రెండుసార్లు అనుకున్నది రెండు నెలలకి ఒకసారి అవుతుంది. లోపల అంతా ఒడియా. చదువు ఒడియా, కౌన్సెలింగ్ ఒడియా. తెలుగు పుస్తకమో పేపరో ఇవ్వడానికి అభ్యంతరం ఉండకూడదు, సూపరింటెండెంటుని అడగండి. బోర్డు నెలకొకసారైనా హోమ్‌ని తనిఖీ చేయాలి. దెబ్బలు తగిలాయని పిల్లవాడు చెబితే తర్వాతి వాయిదాలో బోర్డుకి నేరుగా చెప్పమనండి. తీర్పుకి ముందు హోమ్‌లో ఉండటం శిక్ష కాదని, కేసు తేలేదాకా అక్కడ ఉంచారని పిల్లవాడికి అర్థమయ్యేలా చెప్పవలసింది ఇంటివాళ్లే. చాలామంది పిల్లలు జైలుకి వచ్చేశామనుకుని తిండి మానేస్తారు.

ఒక నివేదిక, ఒక మనిషి

ప్రొబేషన్ అధికారి 15 రోజుల్లో ఇచ్చే సామాజిక విచారణ నివేదిక మీద ఈ కేసు సగం నిలబడుతుంది. ఆరో ఫారం అది. ఇల్లు, చదువు, స్నేహాలు, అలవాట్లు, పని, అప్పులు, ఎందుకిలా జరిగింది అన్నీ అడుగుతారు. ఎవరైనా ఇంటికొచ్చి అడిగితే పరువుకోసం ‘మావాడు బంగారం’ అని ఊరుకోకండి. తండ్రి తాగుతాడా, చదువు ఎప్పుడు మానేశాడు, ఎవరు పనికి పెట్టుకున్నారు అన్నవి దాచకుండా చెబితేనే బోర్డు సరైన ఆదేశం ఇవ్వగలదు. కష్టం ఏమిటంటే మిషన్ వాత్సల్య అనే కేంద్ర బాలల సంరక్షణ పథకం కింద జిల్లా బాలల సంరక్షణ యూనిట్‌లో ఈ పనికి ఉండేది లీగల్ కమ్ ప్రొబేషన్ అధికారి అనే ఒక్క మనిషి. కొండ ఊళ్లున్న జిల్లా మొత్తం తిరగాలి. దాంతో ఇంటికి రాకుండా ఫోన్లో అడిగి రాసేవి, ఒక కేసులో వాక్యాలే ఇంకో కేసులో కనబడేవి వస్తుంటాయి. నకలు అడిగి చదివించుకుని, తప్పులుంటే రాతపూర్వకంగా చెప్పండి. ఇది కుటుంబం చేయగలిగిన పనుల్లో అన్నిటికంటే విలువైనది. దాదాపు ఎవరూ చేయరు.

తప్పు రుజువైతే వచ్చే ఆదేశాలు పెద్దల శిక్షల్లాంటివి కావు. మందలించి ఇంటికి పంపడం, బృంద కౌన్సెలింగ్, సమాజ సేవ, తల్లిదండ్రులు కట్టే జరిమానా, మూడేళ్ల వరకు ప్రొబేషన్ (బయటే ఉంచి నడవడి గమనించడం), చివరికి మూడేళ్ల వరకు ప్రత్యేక గృహం. వీటితోపాటు బడికి వెళ్లాలని, ఏదైనా పని నేర్చుకోవాలని, మత్తు మాన్పించే చోటికి వెళ్లాలని కూడా చెప్పవచ్చు. ఇక్కడ వ్యవస్థ చెయ్యి ఎంతవరకు అందుతుందో తెలిసిపోతుంది. బడికి వెళ్లమని బోర్డు చెప్పగలదు, తెలుగు మీడియం బడి తెరవలేదు. పని నేర్చుకోమనగలదు, పక్క ఊళ్లో నేర్పే కేంద్రం లేకపోతే ఆదేశం కాగితమే. ఇంటి పరిస్థితి మరీ కష్టమైతే మిషన్ వాత్సల్య స్పాన్సర్‌షిప్ కింద నెలకి 4,000 రూపాయలు వచ్చే వీలుంది. అర్హత ఉందేమో జిల్లా యూనిట్‌లో అడగాలి.

ఎంతకాలం పడుతుంది

కాగితం మీద నాలుగు నెలలు, కారణం రాసి ఇంకో రెండు. చిన్న నేరమైతే ఆ గడువు దాటితే కేసు దానంతటదే ఆగిపోవాలి. అక్షరాలా అలాగే రాసి ఉంది. ఆరు నెలలు నిండిన రోజున లాయరు చేత ఆ సెక్షన్ 14 పేరు పెట్టి దరఖాస్తు వేయించండి. అడగకపోతే వాయిదాలు సాగుతూనే ఉంటాయి.

నిజంగా జరుగుతున్నది వేరు. ఇండియా జస్టిస్ రిపోర్ట్ 2025లో బయటపెట్టిన అధ్యయనం ప్రకారం 2023 అక్టోబరు 31 నాటికి దేశంలోని బోర్డుల్లో 55 శాతం కేసులు పెండింగ్. ఒడిశాలో అది 83 శాతం. కారణాలు దాచిపెట్టినవేం కావు. తుది ఆదేశానికి మెజిస్ట్రేటుతో కలిపి కనీసం ఇద్దరు సభ్యులుండాలి. మెజిస్ట్రేటుకి వేరే కోర్టు బాధ్యత కూడా ఉంటే, సభ్యుల పోస్టు ఖాళీగా ఉంటే, విచారణ అయినా ఆదేశం రాదు. మూడు నెలలకొకసారి చీఫ్ జుడీషియల్ మెజిస్ట్రేటు పెండింగ్ సమీక్షించి బోర్డు ఎక్కువ రోజులు కూర్చునేలా చూడాలి. ఊరి పెద్దలు, సంఘాలవాళ్లు లీడర్ల చుట్టూ తిరిగే బదులు ఆయనకొక వినతి ఇస్తే ఎక్కువ ఉపయోగం.

సరిహద్దు వల్ల ఇంకో ఆలస్యం. పర్లాకిమిడి కుర్రాడి మీద శ్రీకాకుళం వైపు కేసు పడితే, అక్కడి బోర్డు విచారణ ముగించి తుది ఆదేశం ఇచ్చాకే అతన్ని సొంత జిల్లాకి బదిలీ చేయవచ్చు, 95వ సెక్షన్ అలా ఉంది. బదిలీ ఆదేశం వచ్చాక పోలీసులు 15 రోజుల్లో తీసుకెళ్లాలి. మధ్యలో ఆ నెలలన్నీ పిల్లవాడు సొంతవాళ్లకి దూరం. అటువైపు తెలుగు కాబట్టి భాష కష్టం తగ్గుతుంది, అదొక్కటే మేలు. కానీ సామాజిక నివేదిక కోసం రెండు రాష్ట్రాల యూనిట్లు ఉత్తరాలు రాసుకోవాలి. ఇంటి అడ్రసు, ఇంటివాళ్ల ఫోను, వార్డు సభ్యుడి ఫోను రెండు భాషల్లో రాసి మొదటి వాయిదాలోనే ఇస్తే ఆ ఉత్తరాల్లో వారాలు మిగులుతాయి.

సంచి ఇచ్చినవాడు ఏమయ్యాడు

పిల్లల చేత మత్తుపదార్థాలు మోయించినవాడికి 78వ సెక్షన్ కింద ఏడేళ్ల వరకు కఠిన జైలు, లక్ష వరకు జరిమానా. చదివితే ఊరటగా ఉంటుంది. కానీ 2021 సవరణలో మూడు నుంచి ఏడేళ్ల శిక్షలున్న ఇలాంటి నేరాల్ని మెజిస్ట్రేటు అనుమతి లేకుండా పోలీసులు దర్యాప్తు చేయలేనివిగా మార్చారు. కొండ దారిలో దొరికేది సంచితో ఉన్న పిల్లవాడు, వెనక బండిమీద ఉన్నవాడు జారుకుంటాడు. మేము దీన్ని వెనకడుగుగానే చూస్తాం. ఇప్పటికి ఉన్న దారి మత్తుమందుల చట్టంలోని ప్రోద్బలం, కుట్ర సెక్షన్ 29. దానికి పోలీసులకి అనుమతి అక్కర్లేదు. సంచి ఎవరిచ్చారో, ఎంతిస్తానన్నారో, ఏ నంబరు నుంచి ఫోన్ వచ్చిందో పిల్లవాడు లాయరుకి చెప్పాలి. లాయరు ఎదుట లేకుండా స్టేషన్లో చెప్పవద్దు. ఆ వివరాలు బోర్డు రికార్డులోకి వస్తే ‘ఎలాంటి పరిస్థితుల్లో చేశాడు’ అన్న ప్రశ్నకి అదే అసలు జవాబు అవుతుంది.

దెబ్బతిన్నవాళ్ల వైపు నుంచి కూడా ఒక మాట చెప్పాలి. దొంగతనమో కొట్లాటో జరిగిన ఇంటివాళ్లకి కేసు ఏమైందో చెప్పే ఏర్పాటు ఈ సేవలో బలహీనం. పిల్లవాడి వివరాలు గుట్టుగా ఉంచాలి కాబట్టి అన్నీ మూసేస్తారు. వాళ్ల కోపంలో న్యాయం ఉంది. గుట్టు పిల్లవాడెవరో తెలిసిపోయే వివరాలకి మాత్రమే. బాధితులకి పరిహారం అడిగే హక్కు ఉంది, దానికీ దారి న్యాయసేవల సంస్థే.

ఊరి వాట్సాప్ గ్రూపుల్లో కుర్రాడి ఫొటో తిప్పడం గురించి కూడా. పేరు, ఫొటో, బడి, అడ్రసు, ఏది బయటపెట్టినా 74వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు గానీ, రెండు లక్షల వరకు జరిమానా గానీ, రెండూ గానీ. పేపరువాళ్లకే కాదు, ఫార్వర్డ్ చేసే మనకీ ఇది వర్తిస్తుంది. స్క్రీన్‌షాట్ తీసి బోర్డుకి ఇవ్వవచ్చు.

కేసు ముగిసిన తర్వాత చేయవలసిన చివరి పని ఉంది, దాన్ని చాలామంది వదిలేస్తారు. పెద్దవాడిలా విచారించిన కేసులు తప్ప మిగతావాటిలో ఈ ఆదేశం వల్ల ఉద్యోగానికి గానీ చదువుకి గానీ అనర్హత రాదు. కేసు నడుస్తున్నా, ముగిసినా పోలీసులు క్యారెక్టర్ సర్టిఫికెట్‌లో ఆ సంగతి రాయకూడదు. నమూనా నియమాల ప్రకారం రికార్డుని అప్పీలు గడువు వరకో, ఏడేళ్ల వరకో ఉంచి నాశనం చేయాలి. కానీ స్టేషన్ డైరీ, బోర్డు ఫైలు, హోమ్ రిజిస్టరు మూడు చోట్ల ఉంటాయి. ఒకచోట తీసేసి రెండు చోట్ల ఉండిపోతే పాస్‌పోర్టు వెరిఫికేషన్‌కి వచ్చినప్పుడు బయటపడుతుంది. తుది ఆదేశం వచ్చిన రోజే దాని సర్టిఫైడ్ కాపీ రెండు తీసుకోండి, ఒకటి ఇంట్లో, ఒకటి లాయరు దగ్గర. రికార్డు నాశనం చేయమన్న ఆదేశాన్ని 24వ సెక్షన్ పేరుతో అందులోనే రాయమని అడగండి. కేసు సరిహద్దు దాటి నడిచి ఉంటే రెండు రాష్ట్రాల్లోనూ ఏయే స్టేషన్లకి కాపీ వెళ్లాలో ఆ ఆదేశంలోనే పేర్లతో రాయించుకోండి.